ఐసీయూ పరిశోధనల్లో సరిహద్దు రోగికీ లెక్క ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ప్రాణాపాయ స్థితిలో ఉన్న రోగులపై జరిగే ఔషధ పరిశోధనల గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్నీ, దానిపై పాఠకులు రాసిన ఉత్తరాలనూ శ్రద్ధగా చదివాను. స్పృహలో లేని మనిషి మీద ప్రయోగమేమిటి, అందులోనూ మధ్యలో పద్ధతి మార్చుకుంటూ పోయే ప్రయోగమేమిటి అని చాలామంది ఆక్షేపించారు. ఆ అనుమానం సహజమే. అయితే ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో చాలా ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతూ, బరంపురం నుంచీ శ్రీకాకుళం నుంచీ విశాఖపట్నం నుంచీ వచ్చే మందుల చీటీలను రోజూ చూసే నాకు ఈ విషయం ఇంకోలా కనిపిస్తుంది. ఐసీయూల్లో ఉన్న మనవాళ్లమీద ప్రయోగాలు ఇప్పటికే జరుగుతున్నాయి. ఏ మందు ఎందుకు ఇచ్చారో, దానివల్ల ఎవరు కోలుకున్నారో, ఎవరు పోయారో ఎక్కడా రాసిపెట్టడం లేదు, అంతే. రాసిపెట్టి, లెక్కగట్టి చేసే పరిశోధనల్లోకి ఒడిశా సరిహద్దు జిల్లాలను కూడా చేర్చమనీ, చేర్చేముందు ఈ ప్రాంతంలో ఉన్న ఒక పెద్ద లోపాన్ని సరిచేయమనీ కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

లెక్క లేకపోతే ఏమవుతుందో 2021 మే నెలలో మా కౌంటర్ ముందు నిలబడినవారికి తెలుసు. ఒకే వారంలో, ఒకే జబ్బుకు, మూడు ఊళ్ల నుంచి మూడు రకాల చీటీలు వచ్చేవి. ఒకదానిలో హైడ్రాక్సీక్లోరోక్విన్, ఐవర్‌మెక్టిన్, జింకు, విటమిన్-సి ఉండేవి. ఇంకొకదానిలో ఆక్సిజన్ అవసరమే పడని మనిషికి జ్వరం వచ్చిన రోజు నుంచే స్టెరాయిడ్ రాసి ఉండేది. మూడోదానిలో మందు పేరేమీ లేదు, ప్లాస్మా (కోవిడ్ తగ్గినవారి రక్తంలోని ద్రవభాగం) ఏర్పాటు చేసుకోవాలన్న ఒక్క వాక్యం తప్ప. ఆ కాగితం పట్టుకుని ఒక కుర్రాడు, తండ్రి బ్లడ్ గ్రూపు అరచేతిమీద పెన్నుతో రాసుకుని, కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లెవరైనా తెలుసా అని బజారంతా దుకాణం దుకాణానికీ తిరిగి అడిగాడు.

ఈ చికిత్సల్లో ముఖ్యమైనవి పనిచేస్తాయా లేదా అన్న ప్రశ్నలకు అప్పటికే జవాబులు వచ్చి నెలలు గడిచాయి. బ్రిటన్‌లో 2020 మార్చిలో మొదలైన రికవరీ అనే పరిశోధన, మూడు నెలలు తిరక్కుండానే, అదే సంవత్సరం జూన్ 16న డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఫలితాన్ని ప్రకటించింది. రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 10 రోజులు ఇచ్చినప్పుడు, వెంటిలేటర్‌పై ఉన్నవారిలో 28 రోజుల లోపు మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవారిలో 26.2 నుంచి 23.3కు తగ్గాయి, ఆక్సిజన్ అవసరం లేనివారిలో మాత్రం మందు తీసుకోనివారిలో 14 శాతం చనిపోతే తీసుకున్నవారిలో 17.8 శాతం చనిపోయారు. ఈ చివరి అంకె గణాంకపరంగా నష్టాన్ని రుజువు చేసేంత గట్టిది కాకపోయినా, లాభం లేదని చెప్పడానికి చాలు. హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల ప్రయోజనం లేదని కూడా అదే పరిశోధన అదే జూన్‌లో తేల్చింది. ప్లాస్మా సంగతి మనదేశమే తేల్చింది. భారత వైద్య పరిశోధన మండలి 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులతో జరిపిన ప్లాసిడ్ అధ్యయనం 2020 అక్టోబరులో ప్రచురితమైంది; జబ్బు ముదరడాన్ని గాని మరణాన్ని గాని ప్లాస్మా ఆపలేదని అందులో ఉంది. అయినా అధికారిక చికిత్సా మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తొలగించింది 2021 మే నెలలో. ఆ కుర్రాడు బజారులో తిరుగుతున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే.

డెక్సామెథాసోన్ 1950ల నాటి మందు. కొద్ది రూపాయలకు దొరికే ఇంజెక్షన్. నా దుకాణానికి వచ్చే మెడికల్ రిప్రజెంటేటివ్‌లలో ఒక్కరు కూడా దాని గొప్పతనం నాకు ఎన్నడూ వివరించలేదు. వివరిస్తే వారికి కలిసొచ్చేదేమీ లేదు. ఇటువంటి పాతమందును పరీక్షించడానికి ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? ప్రజాధనంతో, ప్రభుత్వ ఆసుపత్రుల్లో, మామూలు వైద్యంలో భాగంగా జరిగే పరిశోధనలే ఆ పని చేయాలి.

ఇక మధ్యలో పద్ధతి మార్చే ప్రయోగం అన్న ఆక్షేపణ విషయానికి వస్తాను. పాత తరహా పరిశోధనలో ఇంతమంది రోగులు, ఇన్ని నెలలు, సగం మందికి మందు, సగం మందికి మామూలు వైద్యం అని ముందే నిర్ణయించి, ఆ సంఖ్య పూర్తయ్యాక లెక్క తీస్తారు. ఒక మందును పరీక్షించాక, రెండోదానికి మళ్లీ మొదటి నుంచి అనుమతులు, సిబ్బంది, డబ్బు సమకూర్చుకోవాలి. అడాప్టివ్ పరిశోధనలో, రోగుల ఫలితాలు వస్తున్నకొద్దీ నిర్ణీత గడువుల్లో లెక్క చూస్తారు. పనిచేయదని తేలిన మందును తీసివేస్తారు, కొత్త మందును అదే చట్రంలో చేరుస్తారు, కొన్నిటిలో మెరుగ్గా కనిపిస్తున్న మందు తరువాతి రోగికి వచ్చే అవకాశాన్ని పెంచుతారు. ఎప్పుడు లెక్క చూడాలి, ఏ హద్దు దాటితే ఆపాలి, ఏ హద్దు దాటితే గెలిచినట్టు ప్రకటించాలి అన్నవన్నీ మొదటి రోగి చేరకముందే కాగితంమీద రాసి, పరిశోధనల్లో రోగుల హక్కులను కాపాడే ఎథిక్స్ కమిటీ ముందు పెట్టి, ఖరారు చేసినవే. మారేది ఆ నియమాల ప్రకారమే మారుతుంది. ఆ లెక్కలు చూసేది కూడా వైద్యం చేస్తున్న డాక్టర్లు కారు. దానికి వేరే స్వతంత్ర కమిటీ ఉంటుంది. ఏ మందు ముందంజలో ఉందో ఐసీయూలోని డాక్టరుకు తెలిసిపోతే, ఎవరిని పరిశోధనలో చేర్చాలన్న ఆయన నిర్ణయమే మారిపోతుంది కాబట్టి ఈ గోప్యత తప్పనిసరి.

ప్రాణాపాయంలో ఉన్న రోగులకు ఈ పద్ధతి ఎందుకు అవసరమైందో రీమాప్-క్యాప్ పరిశోధన చరిత్రలో కనిపిస్తుంది. 2009లో స్వైన్ ఫ్లూ ప్రపంచమంతా వ్యాపించినప్పుడు, ఐసీయూ వైద్యులు పరిశోధనలకు అనుమతులు సంపాదించి సిద్ధమయ్యేసరికి ఉధృతి కాస్తా తగ్గిపోయింది. ఆ అనుభవంతో, తీవ్రమైన న్యుమోనియాతో ఐసీయూలో చేరేవారి కోసం ఎప్పుడూ నడుస్తూనే ఉండే పరిశోధనను 2016లో ప్రారంభించి, మహమ్మారి వస్తే వెంటనే దానివైపు మళ్లే ఏర్పాటు కూడా అందులో ముందుగానే పెట్టుకున్నారు. 2020లో ఆ ఏర్పాటే అక్కరకు వచ్చింది. ఇందులో ఒకే రోగి ఒకే సమయంలో స్టెరాయిడ్ ప్రశ్నకూ, యాంటీబయాటిక్ ప్రశ్నకూ, ఇంకో మందు ప్రశ్నకూ ఎవరికి ఏ వైద్యమో నిర్ణయించే వేర్వేరు లాటరీల ద్వారా జవాబు అందించగలడు. ఒక మందు మెరుగైనదన్న సంభావ్యత 99 శాతం దాటితేనే గెలిచినట్టు ప్రకటించాలని నియమం. ఒంట్లో మితిమీరిన వాపును తగ్గించే టోసిలిజుమాబ్ అనే మందు విషయంలో అంతకుముందు వచ్చిన చిన్న చిన్న అధ్యయనాలు ఎటూ తేల్చకుండా వదిలేశాయి. రీమాప్-క్యాప్‌లో, వెంటిలేటర్ వంటి ఆధారం మొదలైన 24 గంటల లోపు ఆ మందు అందుకున్నవారిలో ఆసుపత్రి మరణాలు 28 శాతం, అదే కోవకు చెందిన సారిలుమాబ్ తీసుకున్నవారిలో 22 శాతం, ఏదీ తీసుకోనివారిలో 36 శాతం ఉన్నట్టు 2021 ఫిబ్రవరిలో ప్రచురించారు. ఐసీయూలోని రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల ప్రయోజనం లేకపోగా హాని జరుగుతోందని చెప్పిందీ ఈ పరిశోధనే.

ఇందులో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది హెపారిన్ ఫలితం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఈ ఇంజెక్షన్‌ను కోవిడ్ రోజుల్లో పూర్తి మోతాదులో ఇవ్వడం చాలాచోట్ల ఆనవాయితీ అయింది. రీమాప్-క్యాప్ మరో రెండు పరిశోధనలతో కలిసి రోగులను రెండు వర్గాలుగా విడదీసి చూసింది. ఆసుపత్రిలో చేరినా ఇంకా ఐసీయూ స్థాయి ఆధారం అవసరపడనివారికి పూర్తి మోతాదు మేలు చేస్తుందని తేలింది. ఐసీయూ స్థాయికి చేరినవారికి అదే మోతాదు ఏ మేలూ చేయలేదు. ఆ వర్గంలో రోగులను చేర్చడం ఆపివేశారు. అదే జబ్బు, అదే మందు, అదే మోతాదు. జబ్బు ముదిరిన దశ ఒక్కటే వేరు. ఇంతటి తేడాను ఎంత అనుభవం ఉన్న వైద్యుడైనా తన వార్డులోని రోగులను చూసి పసిగట్టలేడు. కొంచెం జబ్బుకు పనిచేసింది పెద్ద జబ్బుకు ఇంకా బాగా పనిచేస్తుందనే నమ్మకం మనందరిలో ఎంత బలంగా ఉందంటే, రోగి పరిస్థితి విషమించేకొద్దీ చీటీ పొడుగవుతూ పోతుంది.

అలాగని అడాప్టివ్ అన్న పేరు తగిలిస్తే చాలు, ప్రతి పరిశోధనా మంచిదైపోదు. 1985లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో, ఊపిరితిత్తులు పనిచేయని నవజాత శిశువులకు, రక్తానికి ఒంటి బయట ఆక్సిజన్ ఎక్కించే ఎక్మో యంత్రం మేలా, మామూలు వైద్యం మేలా అని తేల్చడానికి చేసిన ఒక అధ్యయనం వెలువడింది. గెలిచిన వైద్యంవైపు తరువాతి లాటరీ మొగ్గు చూపే ఏర్పాటు అందులో ఉంది. ఫలితంగా 12 మంది శిశువుల్లో 11 మందికి ఎక్మో వచ్చింది, వారంతా బతికారు. ఒకే ఒక్క బిడ్డకు మామూలు వైద్యం వచ్చింది, ఆ బిడ్డ చనిపోయింది. ఒక్క బిడ్డను పోలికగా పెట్టుకుని లోకానికి ఏం చెప్పగలరు? వాదాలు ఏళ్ల తరబడి సాగాయి. చివరకు 1996లో బ్రిటన్‌లో 185 మంది శిశువులతో పద్ధతిగా జరిగిన పరిశోధన వచ్చాకే ఎక్మోకు అనుకూలంగా గట్టి సాక్ష్యం దొరికింది. లాటరీని తొందరపడి ఒకవైపు వంచితే వచ్చే చిక్కు ఇదే. ఇంకో చిక్కు కాలంతో వస్తుంది: నిరుడు మామూలు వైద్యం పొందినవారిని, ఈ ఏడు కొత్తమందు పొందినవారితో పోల్చలేం, ఎందుకంటే ఈలోగా వైరస్ రూపమూ మారుతుంది, వైద్యులకు చేయి కూడా తిరుగుతుంది. మంచి పరిశోధనలు ఒకే కాలంలో చేరినవారినే పోలుస్తాయి. లేదా ఆ తేడాకు లెక్కలో చోటు కల్పిస్తాయి.

ఇటువంటివన్నీ పెద్ద నగరాల కార్పొరేట్ ఆసుపత్రులకే సాధ్యమనే మాట కూడా ఒక ఉత్తరంలో చూశాను. ఆ మాట నిజం కాదు. తీవ్రమైన మలేరియాకు క్వినైన్ మేలా, ఆర్టిసునేట్ ఇంజెక్షన్ మేలా అని తేల్చిన పరిశోధన బంగ్లాదేశ్, మయన్మార్, ఇండోనేషియా, భారతదేశాల్లో 1,461 మంది రోగులతో జరిగింది. 2005లో వచ్చిన ఆ ఫలితంలో క్వినైన్ తీసుకున్నవారిలో 22 శాతం, ఆర్టిసునేట్ తీసుకున్నవారిలో 15 శాతం చనిపోయారు. మనదేశం తరఫున అందులో రోగులను చేర్చింది మన ఒడిశాలోని రూర్కెలా ఆసుపత్రి. అది అడాప్టివ్ పద్ధతి కాదు గాని, మలేరియాతో స్పృహ తప్పి వచ్చిన పేద రోగులతో నిక్కచ్చిగా పరిశోధన చేయవచ్చని ఇక్కడే రుజువైంది. సూక్ష్మమైన పురుగుల కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేరినవారికి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇవ్వడమే మేలని 2023లో చెప్పిందీ భారతీయ పరిశోధనే. ఆ రెండు జబ్బులూ మా కొండ ప్రాంతాలకు కొత్త కాదు.

ఇంకా దుర్గమమైన చోటు కావాలంటే కాంగో దేశం తూర్పు ప్రాంతాన్ని చూడవచ్చు. 2018 నవంబరులో అక్కడ ఎబోలా రోగులపై నాలుగు మందులను పోల్చే పరిశోధన మొదలైంది. అందులో నాలుగో మందును మధ్యలో చేర్చారు. సాయుధ ముఠాలు చికిత్సా కేంద్రాలపై దాడులు చేస్తున్నా 681 మందిని చేర్చగలిగారు. 2019 ఆగస్టులో లెక్కలు చూసిన స్వతంత్ర కమిటీ రెండు మందులను ఆపివేయమంది. ఆపేసినవాటిలో 28 రోజుల మరణాలు 50 శాతం చుట్టూ ఉంటే, మిగిలిన రెండింటిలో 35.1, 33.5 శాతాలుగా తేలాయి. అటువంటి చోట చేయగలిగినది కొరాపుట్‌లోనూ బరంపురంలోనూ వైద్య కళాశాలలు ఉన్న ఈ ప్రాంతంలో ఎందుకు చేయలేం?

అవసరం లేదని ఎవరూ అనలేరు. 2016లో మల్కన్‌గిరి జిల్లాలో కొన్ని నెలల వ్యవధిలో వందకు పైగా పిల్లలు మెదడువాపు లక్షణాలతో చనిపోయారు. కొందరిలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ బయటపడింది, మరికొందరి విషయంలో కసివింద గింజల విషం అని నిపుణులు అనుమానించారు. ఏ బిడ్డకు ఏ కారణమో తెలియని స్థితిలో, ఏ వైద్యం ఎవరికి పనిచేస్తుందో చూసే ఏర్పాటు ముందే సిద్ధంగా ఉంటే ఆ మరణాల నుంచి కనీసం కొంతైనా తెలిసేది.

అయితే ఈ ప్రాంతంలో ట్రయల్ అన్న మాట వినగానే జనం ఎందుకు బెదురుతారో కూడా మరిచిపోకూడదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం తదితర మండలాల్లో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన అధ్యయనంలో, గిరిజన హాస్టళ్లలోని పిల్లల అంగీకార పత్రాలమీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు బాలికల మరణాలతో గొడవ రేగి, 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని నిలిపివేసింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పినా, అంగీకారం తీసుకున్న తీరును అది తప్పుపట్టింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇంకా తీవ్రంగా ఆక్షేపించింది. మల్కన్‌గిరి నుంచి భద్రాచలం ఎంతో దూరం కాదు. టీకా మంచిదే కావచ్చు, పిల్లల తల్లికి చెప్పలేదు కదా అన్న మాట మా కొండల్లో ఇప్పటికీ వినిపిస్తుంది, వినిపించడంలో న్యాయముంది.

2019లో వచ్చిన ‘కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్’ నియమాలు ఆ తరువాత కొంత రక్షణ కల్పించాయి. రోగి అంగీకారం చెప్పలేని స్థితిలో ఉంటే చట్టం ఒప్పుకునే బంధువు చెప్పాలి. చదువురాని వారైతే పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. పరిశోధన వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ఐసీయూ బయట బెంచీమీద కూర్చున్న మనిషికి ఇవన్నీ ఎలా అందుతాయన్నదే నా ప్రశ్న. మా గుమ్మా కొండల నుంచి వచ్చిన సవర గిరిజన దంపతుల చేతికి ఇరవై పేజీల ఇంగ్లీషు కాగితమో, దాని ఒడియా అనువాదమో ఇచ్చి వేలిముద్ర వేయించుకుంటే, అది భద్రాచలం వార్డెను సంతకానికి ఏ విధంగా మెరుగు? సవర భాషకు వ్యాకరణమూ నిఘంటువూ తయారు చేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పనిచేసిన ఊరు ఇది. నూరేళ్ల కిందటే ఒక ఉపాధ్యాయుడు ఆ భాష నేర్చుకుని రాయగలిగినప్పుడు, ఒక పేజీ సమాచారాన్ని సవరలోనూ కంధల భాష కువిలోనూ రికార్డు చేసి ఫోనులో వినిపించడం ప్రభుత్వానికి భారం కాకూడదు. రోగికి స్పృహ వచ్చాక ఆయనకు మళ్లీ చెప్పి, కొనసాగుతారా మానుకుంటారా అని అడగడం కూడా అంతే అవసరం. మానుకున్నా వైద్యం తగ్గదని అప్పుడే చెప్పాలి.

ఇప్పుడు మొదట ప్రస్తావించిన లోపం దగ్గరికి వస్తాను. సరిహద్దు జిల్లాల రోగి వైద్యం ఒక రాష్ట్రంలో మొదలై ఇంకో రాష్ట్రంలో ముగుస్తుంది. పర్లాకిమిడి దాటితే పాతపట్నం. అక్కడి నుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం. రాయగడ వాళ్లు పార్వతీపురం మీదుగా విజయనగరం వెళ్తారు. డబ్బు అయిపోయినప్పుడో, ఇక లాభం లేదని డాక్టరు చెప్పినప్పుడో, కళ్లు మూసేది సొంత ఇంట్లోనే కావాలని బంధువులు రోగిని తీసుకొచ్చేస్తారు. కిందటేడు ఒక పెద్దాయన కొడుకు నా దగ్గరికి ఆక్సిజన్ సిలిండర్ కోసం వచ్చి, ఆంధ్రలోని ఒక ఆసుపత్రి ఇచ్చిన కాగితం చూపించాడు. న్యుమోనియా, ఆరు రోజులు వెంటిలేటర్, బంధువుల కోరికపై డిశ్చార్జి. కింద, ఇంటి దగ్గర వాడవలసిన మందులంటూ రెండు మాత్రల పేర్లు కూడా ఉన్నాయి. మింగలేని మనిషికి మాత్రలు. మర్నాడు తెల్లవారుజామున ఆయన పోయారు. మరణం గజపతి జిల్లాలో నమోదైంది. ఆ ఆసుపత్రి రిజిస్టరులో మాత్రం ఆయన ఇప్పటికీ డిశ్చార్జి అయిన రోగే.

పాత తరహా పరిశోధనలోనైనా ఇది తప్పే. అడాప్టివ్ పరిశోధనలో దీని ఫలితం మరీ దారుణంగా ఉంటుంది. రీమాప్-క్యాప్ వంటివాటిలో ముఖ్య కొలమానం, 21 రోజుల్లో రోగి ఎన్నిరోజులు ప్రాణంతో, యంత్రాల ఆధారం లేకుండా ఉన్నాడన్నది. ఆసుపత్రిలో చనిపోయినవారిని ఆ కొలమానంలో అన్నిటికంటే అడుగున ఉంచుతారు. వెంటిలేటర్ తీసి ఇంటికి పంపిన మనిషిని జాగ్రత్త లేకుండా నమోదు చేస్తే, యంత్రం నుంచి బయటపడి ఇంటికి వెళ్లిన వ్యక్తిగా లెక్కలోకి వస్తాడు. ఒక మందు రోగులకు కీడు చేస్తోందనుకోండి. వారి పరిస్థితి త్వరగా విషమిస్తుంది, బంధువులు త్వరగా ఆశ వదులుకుని తీసుకుపోతారు, కాగితంమీద వారంతా డిశ్చార్జి అవుతారు. కీడు చేసే మందే లెక్కలో మంచి మందుగా కనిపిస్తుంది, ఆ లెక్క చూసి తరువాత వచ్చే రోగికి అదే మందు వచ్చే అవకాశాన్ని పద్ధతి తనంతట తానే పెంచుతుంది. చివర్లో ఒక్కసారి లెక్క తీసే పరిశోధనలో ఈ పొరపాటు కాగితం మీదే ఉండిపోతుంది. ఇక్కడ మాత్రం మరుసటి వారం చేరే రోగి ఒంటిమీదికి వస్తుంది.

కాబట్టి ఈ ప్రాంతంలో ఏ పరిశోధన మొదలుపెట్టినా, ఇంటికి తీసుకుపోయిన ప్రతి రోగి 28వ రోజున, 90వ రోజున ఉన్నాడా పోయాడా అన్నది తెలుసుకునే బాధ్యత ఒకరిమీద పెట్టాలి. గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ఉన్నారు, ఏఎన్ఎంలు ఉన్నారు, జనన మరణాల నమోదు ఉంది. ఇవన్నీ రాష్ట్రం హద్దు దగ్గర ఆగిపోతున్నాయి. శ్రీకాకుళం ఆసుపత్రి అడిగితే గజపతి జిల్లా ఆరోగ్యశాఖ జవాబివ్వాలని, కొరాపుట్ అడిగితే విజయనగరం చెప్పాలని రెండు ప్రభుత్వాల మధ్య ఒక లిఖితపూర్వక ఒప్పందం చాలు. ఆశా కార్యకర్త చేసే ఆ ఒక్కో ఫోనుకూ నడకకూ డబ్బు విడిగా చెల్లించాలి, వారి నెత్తిన ఇప్పటికే ఉన్న పనులకు దీన్ని ఉచితంగా జోడించకూడదు. 2019 నియమాల ప్రకారం, సొంత ఎథిక్స్ కమిటీ లేని ఆసుపత్రి అదే నగరంలోని లేదా 50 కిలోమీటర్ల లోపలి మరో కమిటీ ఆమోదంతో పరిశోధన జరపవచ్చు. మా జిల్లా కేంద్ర ఆసుపత్రుల్లాంటివాటికి ఇది దారి చూపుతుంది గాని, దగ్గరలో ఉన్న కమిటీ పక్క రాష్ట్రానిదైతే, హాని జరిగిన రోగి ఎవరి గుమ్మం తొక్కాలో ముందే రాసిపెట్టాలి. ఆ కమిటీల్లో సవర, కంధ సమాజాల నుంచి ఒక్కరైనా ఉండాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

మొదట ఏ జబ్బుతో మొదలుపెట్టాలని అడిగితే, ఐసీయూలో చేరే న్యుమోనియాతోనూ స్క్రబ్ టైఫస్‌తోనూ అంటాను. పోల్చవలసినవి చాలావరకు పాత మందులు: ఏ స్టెరాయిడ్ ఎన్నిరోజులు, ఏ యాంటీబయాటిక్‌కు ఏది తోడు, సెలైన్ ఎంత. అన్నీ నా దుకాణంలోనే అరలమీద ఉన్నవి. అనుమతి లేని కొత్త రసాయనాలను మొదటిసారి మా కొండవాళ్లమీద పరీక్షించే ప్రతిపాదన ఏదైనా వస్తే, ఈ ఉత్తరం రాసిన నేనే దానికి అడ్డు చెబుతాను.

ఈ విషయంపై కొరాపుట్, బరంపురం వైద్య కళాశాలల ఆలోచన ఏమిటో, ఇంటికి తీసుకుపోయిన రోగుల జాడ తెలుసుకోవడానికి శ్రీకాకుళం, విశాఖపట్నం ఆసుపత్రుల్లో ఇప్పుడు ఏ ఏర్పాటు ఉందో మీ విలేకరులు అడిగి ప్రచురిస్తే, సరిహద్దుకు ఇరువైపులా ఉన్న మా వంటి పాఠకులకు ఉపయోగకరంగా ఉంటుంది.

ఇట్లు,
ఒక మందుల దుకాణదారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా